ఎత్తున వచ్చే క్షిపణి, ముందే చూసే నౌక

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక వేసవిలో, నన్ను హైదరాబాదులోని రక్షణ ప్రయోగశాలలో మూల్యాంకన విభాగానికి మార్చారు. మావాళ్లే రూపొందించిన క్షిపణిని, శత్రునౌక పక్షాన నిలబడి కంప్యూటర్‌లో అడ్డుకోవడం అక్కడి పని. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య మా బాపు ఇంట్లోనే నేర్పిన లెక్కలే నన్ను అందాకా తీసుకెళ్లాయి. ఆ మేలు మరువను.

మా ముందుకు వచ్చిన క్షిపణి చాలా ఎత్తున, ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో వెళ్లి నౌకపై పడేది. రూపకర్త శ్రీధర్‌ది కోరుట్ల. నన్ను అక్కా అనేవాడు. అది అతని పదేళ్ల శ్రమ. సోమవారం సమీక్షలో నెగ్గితేనే తయారీకి అనుమతి. వాళ్ల లెక్కలో నౌక దాదాపు ప్రతిసారీ మునిగింది.

శుక్రవారం కారణం దొరికింది. నౌక రాడార్ ఎంత దూరంలో పసిగడుతుందన్న అంకెను పాత క్షిపణి లెక్కలోంచి అలాగే తెచ్చుకున్నారు. పాతది అలలను ఆనుకుని వెళ్లేది. భూమి వంపు దాన్ని చివరిదాకా దాస్తుంది. పైనుంచి వచ్చేదానికి ఆ చాటు లేదు. అంకె సరిచేయగానే, ఒక ప్రతిక్షిపణి గురి తప్పితే మరొకటి వదిలే సమయం నౌకకు చిక్కింది. చాలాసార్లు నౌకే గెలిచింది.

ఫలితాన్ని సమీక్ష కమిటీ కంటే ముందు రూపకర్తలకు చెప్పకూడదన్నది నియమం.

ఆదివారం వేములవాడ రాజన్న గుడిలో, కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసే మొక్కు వరుసలో శ్రీధర్ దంపతులు ఎదురయ్యారు. అతని చేతిలో కోడె తాడు.

"అక్కా, రేపు గట్టెక్కితే మల్లచ్చి ఇంకో కోడె కడుత."

"నాకు జరమొస్తె ఒక్కటి కట్టలే, ఆఫీసు పనికి రెండట!" అని అతని భార్య నవ్వింది.

"మంచిగ మొక్కు తమ్మీ" అని మాత్రం అని వచ్చేశాను.

సోమవారం కమిటీ నా అంకెలను ఒప్పుకుంది. ప్రాజెక్టు ఆగిపోయింది. బయట వరండాలో శ్రీధర్ అడిగాడు.

"నిన్న గుళ్లెనే ఎర్కనా అక్కా?"

"ఎర్కనే."

"ఎర్కుండి గట్ల మొక్కనిచ్చినవా?"



వేగం నౌకకు మిగిలే సమయాన్ని తగ్గిస్తుంది. ఎత్తు అందులో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. ఆధునిక రక్షణ ఉన్న నౌకపైకి అలాంటి క్షిపణిని ఒంటరిగా పంపి నమ్ముకోలేం. అలలపై వచ్చేవాటితో కలిపి పంపితే ఎలా ఉంటుందో లెక్కగట్టే గడువు శ్రీధర్‌కు దొరకలేదు. ఆ తర్వాత మా విభాగంలో నౌక రక్షణ అంకెలను రూపకల్పన మొదలైననాడే, రూపకర్తల ఎదుటే రాసే పద్ధతి పెట్టాం. అతని క్షిపణికి అది పదేళ్లు ఆలస్యంగా వచ్చింది.