రాణి ఏడ్చిన జవాబు

మా బడిలో పదో తరగతికి సాహిత్యం చెప్పే ఆవిడను పిల్లలు 'గైడు టీచర్' అంటారు. ఎదురుగా కాదు లెండి, వీపు వెనక. స్టాఫ్ రూములో ఆవిడ పక్క కుర్చీ నాది. నేను లెక్కలు చెబుతాను కాబట్టి పద్యాలు నా తలకెక్కవని ఆవిడ నమ్మకం. అయినా మనసులో మాట చెప్పుకోవడానికి ఆవిడకు నేనే దిక్కు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, గడగడా చదివేవాళ్ళూ కూడబలుక్కునేవాళ్ళూ ఒకే గదిలో ఉన్నారని, అందరూ గట్టెక్కాలని, పాత కావ్యం పాఠానికి సులువైన జవాబులు రాసిపెట్టింది. అప్పటి హెడ్మాస్టరు వాటిని పట్టుకెళ్ళి అచ్చు వేసేవాడికిచ్చాడు. గైడు తయారైంది. పిల్లలు పాసయ్యారు. దాంతో ప్రతి ఊళ్ళోనూ అదే కొన్నారు. అప్పటినుంచి ఏ జవాబు పత్రం దిద్దినా ఆవిడ వాక్యాలే ఆవిడకు ఎదురొస్తాయి. ఇంటికెళ్తే పక్క గదిలో కూతురు ఊగుతూ అవే వల్లె వేస్తుంటుంది. బదిలీ పెట్టుకోమని ఓసారి సలహా ఇచ్చాను. "ఎక్కడికెళ్ళినా ఆ గైడే కదే," అంది.

వెగటు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుపోయేది. ఆ జవాబుల్లో ఒక తప్పుంది. కావ్యంలో రాజు యుద్ధంలో ఓడి, కోట వదిలి పారిపోతాడు. గడప దగ్గర రాణి ఒక్క మాటైనా అనదు. చేతిలోని దీపం వత్తి ఎగదోస్తుంది, అంతే. మా టీచరుకు అప్పుడు పెళ్ళయిన కొత్త. మొగుడు వెళ్ళిపోతుంటే ఏ ఆడదైనా ఏడవకుండా ఉంటుందా అనుకుని, 'రాణి వలవలా ఏడ్చి రాజు కాళ్ళు పట్టుకుంది' అని రాసేసింది. ఏళ్ళు గడిచాక ఒకరోజు క్లాసులో పద్యం చదువుతూ చదువుతూ ఆగిపోయిందట. ఏడుపు అందులో ఎక్కడా లేదు.

దిద్దుదామని ఆవిడ చేయని ప్రయత్నం లేదు. అచ్చు వేసేవాడు, "అమ్ముడుపోతున్నదాన్ని కెలకడం ఎందుకమ్మా," అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దేచోట పెద్దాయన ముందు నోరు విప్పితే, "ఏ జవాబుకు ఎన్ని మార్కులివ్వాలో మీ గైడు చూసే రాసుకున్నాం కదండీ. ఇప్పుడు మీరే కాదంటే ఎలా?" అన్నాడు. పోనీ క్లాసులో చెబుదామంటే మొదటి బెంచీ పిల్ల లేచి, "ఏది రాస్తే మార్కులొస్తాయి టీచర్?" అని అడిగింది. 

ఈ ఏడు ఆ క్లాసులో ఒకమ్మాయి ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటుందని తోటిపిల్లలు నత్త అని పేరు పెట్టారు. లెక్కల్లో నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. బట్టీ పట్టడం కూడా దానికి చేతకాదు. అందుకని టీచరు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పద్యం పైకి చదివి, ఏం అర్థమైందో చెప్పమనేది.

"రాణి ఏడవలేదు టీచర్," అందిట ఓ మధ్యాహ్నం.

"ఎలా తెలుసు?"

"ఏడిస్తే కళ్ళు మసకబారతాయి కదా. ఆయన మొహం బాగా చూసుకుందామని వత్తి పెంచింది. మా నాన్న లారీ ఎక్కేటప్పుడు మా అమ్మ కూడా అంతే, వాకిట్లో లైటేసి నిలబడుతుంది."

టీచరు వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఇన్నేళ్ళకు నాది కాని జవాబు ఒకటి విన్నానే," అంది.

పద్యం సంగతి నాకు తెలియదు గానీ, ఆ పిల్ల మార్కుల సంగతి తెలుసు. "అక్కా, అది అసలే అంచు మీదుంది. ఆ ప్రశ్న ఏటా వస్తుంది. ఇలా రాస్తే సున్నా చుడతారు. తప్పితే చదువు మాన్పించేస్తానని వాళ్ళ నాన్న ఖరాఖండిగా చెప్పాడు," అన్నాను. అన్నందుకు ఇప్పటికీ నామీద నాకే మంట.

ఆవిడ చల్లారిపోయిన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది. మర్నాడు పిల్లను స్టాఫ్ రూముకు పిలిచింది. నేను పేపర్లు దిద్దుతున్నట్టు నటించాను.

"పరీక్షలో మాత్రం రాణి ఏడ్చిందని రాయి. కాళ్ళు పట్టుకుందని కూడా."

"మరి ఏడవలేదు కదా టీచర్?"

"ఏడవలేదు."

"మరి?"

"పరీక్షలో ఏడ్చింది. అంతే."

పరీక్షలయ్యేదాకా రోజూ ఆ వాక్యాలు అప్పజెప్పించుకుంది. పిల్ల తడబడిన చోటల్లా తనే అందించింది. వినలేక నేను చాలాసార్లు బయటికి వెళ్ళిపోయాను.

ప్రశ్న వచ్చింది. పిల్ల గట్టెక్కింది. ఫలితాల రోజు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. "మీరు చెప్పినట్టే రాశాను టీచర్," అంది. టీచరు దాని తల నిమిరింది. వాళ్ళమ్మ దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపింది. తర్వాత, ఎవరికీ వినపడకూడదన్నట్టు నెమ్మదిగా అడిగింది.

"ఇప్పుడు పరీక్ష లేదుగా. రాణి వత్తి ఎందుకు పెంచిందో చెప్పు."

పిల్ల కాస్త ఆలోచించింది. "కాళ్ళు కనపడ్డానికి టీచర్. పట్టుకోవాలిగా."

 సాయంత్రం ఇద్దరం కలిసే బయలుదేరాం.  గేటు దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "దానికీ నా జవాబే వచ్చేసిందే," అంది.