ఇంకొంచెం తగ్గిద్దాం

మా బావకి ఫుల్‌స్పీడు అని పేరు పెట్టింది నేనే. అక్క కంచం ముందు కూర్చునేలోపు ఆయన చెయ్యి కడిగేసుకునేవాడు. వీధిలో ఆయనతో నడవాలంటే పక్కవాళ్లు పరుగెత్తాలి. ఇక మాటలా, ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుంటూ వచ్చేవి. నిదానమే ప్రధానం అన్న పెద్దమనిషి ఎవరో గానీ, మా బావ ఎదురైతే మాట మార్చుకోకపోయినా పక్కకి తప్పుకునేవాడు.

ఆయన పని కంప్యూటర్లకి వేగం పెంచడం. పాడైనవాటిని బాగుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. బాగానే ఉండి నత్తనడక నడిచేవాటిని దారిలో పెట్టేది మాత్రం మా బావే. ఆయన దుకాణానికీ నా జిరాక్స్ షాపుకీ మధ్య ఒక పల్చటి చెక్కగోడ. అటు స్క్రూ జారిపడినా ఇటు నాకు వినిపించేది.

ముందు పెట్టె మూత విప్పి దుమ్ము ఊదేవాడు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది రాసేవాడు. ఆ తర్వాత కంప్యూటరు ఆన్ చేసి, అది పూర్తిగా మేలుకోకముందే సెట్టింగుల్లోకి దూరేవాడు. "ప్రాసెసర్‌కి వేడంటే భయం మరదలా. కాస్త కాలగానే తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. కంపెనీవాళ్లేమో ఎందుకైనా మంచిదని అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి పంపుతారు. ఆ ఎక్కువ మనం తీసేశామనుకో, వేడెక్కదు. వేడెక్కకపోతే పరుగు ఆపదు. అంతే!" అనేవాడు.

అంతే అనడం తేలికే. ఆ ఎక్కువ ఎంతో ఎవరికీ తెలీదు. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ప్రాసెసర్లకి కూడా ఒకే హద్దు ఉండదట. "నువ్వూ మీ అక్కా లాగ" అనేవాడు. అందుకని కొంచెం తగ్గించడం, బరువైన లెక్కలేవో చేయించడం, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చోవడం. తట్టుకుంటే "ఇంకొంచెం తగ్గిద్దాం" అనేవాడు. అలా అది పడిపోయేదాకా. తెర చచ్చిపోగానే చెక్కగోడ అదిరేలా నవ్వేవాడు. "అదీ నీ హద్దు! పడితేగానీ చెప్పవా?" అని దాన్ని మురిపెంగా తిట్టి, ఒక మెట్టు పైకి తెచ్చి అక్కడ కట్టేసేవాడు.

మా అక్క ఒకప్పుడు టైపింగ్ నేర్పేది. ఆ ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లు చూడ్డానికి వచ్చి ఈయన ఏదో గడగడా చెబితే, "కాస్త మెల్లిగా చెప్పండి, అర్థంకాలేదు" అందట. ఆయన మళ్లీ అదే వేగంతో చెప్పాడట. అక్కకి మళ్లీ అర్థంకాలేదు, పెళ్లి మాత్రం చేసుకుంది. పిల్లలు లేరు. ఒకరినొకరు సాధించుకోవడంతోనే ఇద్దరికీ పొద్దు గడిచిపోయేది. చూడముచ్చటగా ఉండేవాళ్లు. నాకు కాస్త అసూయగా కూడా ఉండేది.

ఒకరోజు చేతిలో స్క్రూడ్రైవర్ ఉండగానే బావ నేల మీద చతికిలబడ్డాడు. గుండె అన్నారు. డాక్టరుగారు జన్మంతా వేసుకోవాల్సిన మాత్రలు రాసి, "ఇక వేగం తగ్గించండి" అన్నారు. అప్పట్నుంచీ అక్కకి ఒకటే దిగులు, ఈయన ఎక్కడ పడిపోతాడో అని. మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేది. స్నానాలగది తలుపు గడియ వేసుకోనిచ్చేది కాదు.

ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన తన కంప్యూటరు తెచ్చింది ఆ రోజుల్లోనే. పెద్ద ప్లాను తెరిస్తే మొరాయిస్తోందన్నాడు. బావ ఎప్పట్లాగే కొంచెం తగ్గించాడు. తట్టుకుంది. ఇంకొంచెం తగ్గించాడు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, నవ్వు వినపడలేదు. నేను షాపు కట్టేసి తొంగిచూశాను. తెర మీద ఎవరిదో ఇంటి ప్లాను. గదులూ మెట్లూ తలుపులూ ఎక్కడా ఆగకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి.

"ఇది పడట్లేదు మరదలా," అన్నాడు. జీవితంలో మొదటిసారి మెల్లిగా మాట్లాడాడు.

"పడకపోతే మంచిదేగా?"

"ఫ్యాను కూడా ఆగిపోయింది. చెయ్యిపెట్టి చూడు."

పెట్టాను. కుండలో నీళ్లంత చల్లగా ఉంది. ఎందుకో చప్పున చెయ్యి తీసేశాను.

డ్రాఫ్ట్స్‌మన్ తీసుకెళ్లినట్టే తీసుకెళ్లి, వారం తిరక్కుండా మోసుకొచ్చాడు. "మళ్లీ ఆగిపోతోందా?" అని బావ అడిగితే, అడ్డంగా తలూపాడు. "ఎక్కడా ఆగట్లేదు మాస్టారూ. మౌస్ కదిపేలోపే గీత పడుతోంది. కానీ దాని పక్కన కూర్చుంటే చలేస్తోంది. నాకొద్దు, మీరే ఉంచుకోండి," అని కుర్చీలోనైనా కూర్చోకుండా వెళ్లిపోయాడు. బావ దాన్ని ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టుకున్నాడు.

తర్వాత టీలో పంచదార మానేశాడు. మంచిదే అనుకున్నాం. ఆ తర్వాత టీ మానేశాడు. కంచంలో అన్నం సగమైంది, పావైంది. అక్క గొడవపెడితే, "అన్నిటికీ అక్కర్లేనంత ఇస్తున్నాం. అసలెంత కావాలో చూద్దాం," అన్నాడు. నవ్వడం తగ్గింది. నేను ఎంత రెచ్చగొట్టినా నాకు మాటకి మాట అప్పజెప్పడం మానేశాడు. ఆ మాటకొస్తే మాటే మానేశాడు. నడిస్తే చప్పుడు కావట్లేదు. చెక్కగోడకి అవతల ఉన్నాడో లేడో తెలియక నేను లేచి చూసి వచ్చేదాన్ని. చూస్తే ఉండేవాడు. వేళ్లు మాత్రం కదులుతుండేవి.

పనికి ఏ లోటూ లేదు. అదే నన్ను భయపెట్టింది. మునుపు హడావుడిలో స్క్రూలు పారేసుకునే మనిషి, ఇప్పుడు ఒక్కటి కూడా జారనిచ్చేవాడు కాదు. వచ్చినవాళ్లందరూ ఆయన్ని తెగ పొగిడేవాళ్లు. "మీ బావగారు మారిపోయారండీ, ఎంత నెమ్మది!" అని నాకు చెబుతుంటే వాళ్ల నోరు నొక్కాలనిపించేది.

ఒకనాడు చొక్కా ఉతకబోయి అక్క జేబులో చెయ్యిపెడితే, తన కళ్లముందే మింగాడనుకున్న మాత్రల ముక్కలు దొరికాయి. సగాలు కొన్ని. సగంలో సగాలు కొన్ని. అక్క కాలుకాలిన పిల్లిలా నా షాపుకి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం వెళ్లి నిలదీశాం.

"సగంతో నడిచింది," అన్నాడు. "పావుతో కూడా నడిచింది. నిన్నట్నుంచీ అసలు వేసుకోవట్లేదు."

"ఏవండీ, మీరు పడిపోతారండీ!" అక్క ఆయన రెండు భుజాలూ పట్టుకుంది.

"చూద్దాం," అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఏమీ లేదు. పక్కవీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. అప్పుడు నా వేలి కింద ఒక్కసారి కొట్టుకుంది. మళ్లీ ఏమీ లేదు.

ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు గుండె పరీక్ష చేశారు. ఆ మెషిన్ పాడైందేమోనని పక్కగదిలోంచి ఇంకోటి తెప్పించారు.

"ఈయన్ని ఎలా తీసుకొచ్చారమ్మా?"

"మెట్లెక్కి వచ్చారండీ," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "ఇలా ఉంటే మనిషి కళ్లు కూడా తెరవలేడమ్మా," అన్నారు. మంచం మీద ఉన్న బావ ఆ మాటకి ఆయన వైపు తిరిగి, "ఇంకొంచెం తగ్గుతుందండీ," అన్నాడు.

కొన్నాళ్లు ఉంచుకుని చూశారు. ఏ మందు ఎక్కించినా ఆ గుండె పైకీ రాలేదు, కిందికీ పోలేదు. చివరికి ఇంటికి పంపేశారు. "ఇబ్బందేం లేదు కదా ఆయనకి," అన్నారు డాక్టరుగారు, బావ వైపు చూడకుండా. వేగం తగ్గించమన్నది ఆయనే మరి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

ఇంటికి రాగానే బావ తిన్నగా వెళ్లి ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద అదే ఇల్లు, అవే గదులు, తిరుగుతూనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. దీన్ని పీకి వీధిలో పారేస్తే పీడా పోతుందని బల్ల కిందకి వంగి ప్లగ్గు కోసం వెతికాను. ప్లగ్గు గోడకి లేదు. నేల మీద పడి ఉంది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తోందేమో అనుకున్నాను. కానీ ఆ బ్యాటరీ పెట్టె ఎప్పుడూ దుకాణంలోనే ఉండేది.  ఆ ప్లగ్గు ముట్టుకోకుండా వెనక్కి జరిగాను.

నేను లేచి నిలబడేసరికి అక్క ఆయన కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"ఏవండీ, అన్నం తింటారా?"

"అక్కర్లేదు."

"నేను కొన్నాళ్లు చెల్లెలి దగ్గరికి వెళ్లనా?" అలా అడిగితే గతంలో ఇల్లు పీకి పందిరేసేవాడు. చొక్కా తొడుక్కుంటూ వెనకే వచ్చేవాడు. అక్క అందుకే అడిగిందని నాకు తెలుసు.

"వెళ్లు," అన్నాడు.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే, పనిలో ఆలోచించినంత శ్రద్ధగా ఆలోచించాడు. "అక్కర్లేదు," అన్నాడు.

అక్క వంటింట్లోకి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను. ఏడుస్తుందనుకుని దగ్గరికి తీసుకోబోయాను. ఏడవలేదు.

"ఈయన ఎక్కడ పడిపోతాడో అని ఇన్నాళ్లూ హడలి చచ్చానే," అంది. "ఇప్పుడు పడిపోతే బాగుణ్ణనిపిస్తోంది. పడితే పరుగెత్తుకెళ్లి లేపుకుందును. అన్నం తీసేసినా పడలేదు. మందు తీసేసినా పడలేదు. నన్ను తీసేశాడే. అయినా పడట్లేదు."