బోర్లించిన రాయి

మా నాయన సొన్నప్ప ఇరవై నాలుగేళ్లు కేజీఎఫ్ గనిలో రాళ్ళు పేల్చాడు. మిగిలిన ఇరవై మూడేళ్లలో మూడేళ్లు, ఒక్క కోనలో రాళ్ళు పేలకుండా ఆపడానికి తిరిగాడు. ఆపాడు కూడా. ఆపినందుకు ఆయనకు దక్కినదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గని మూతపడినప్పుడు తోటివాళ్ళు తెల్లారి రైలెక్కి బెంగళూరులో సెక్యూరిటీ ఉద్యోగాలకు పోయారు. నాయన కామసముద్రం దాటాక ఉన్న తేనెల కోన అంచుకు, మా తాత వదిలేసిన రెండెకరాలకు వచ్చాడు. రెండు కొండల మధ్య ఏరు కోసిన లోతైన కోన అది. ఎర్రబండల మీద తేనెపట్లు వేలాడుతుంటాయి, వానాకాలం నీళ్ళు మూడు మెట్లుగా దూకుతాయి. నాయన ఎడమ చెవి పేలుళ్ళకు గనిలోనే పోయింది. అందుకే తినేటప్పుడైనా, పడుకునేటప్పుడైనా అమ్మ ఆయనకు కుడివైపే ఉండేది. అమ్మ పేరు గంగులమ్మ. ఆమె చనిపోతే మా ఆచారం ప్రకారం సొంత భూమిలోనే, కోన అంచున, రెండో చింతచెట్టు పక్కన పూడ్చాం. ఆ రోజే నాయన నాతో అన్నాడు.

"నన్ను ఆమెకు ఎడం పక్క పెట్టమ్మా. అప్పుడే నా మంచి చెవు ఆమె తట్టుకు ఉంటాది."

ఆయన జీవితంలో తన కోసం గట్టిగా అడిగింది అదొక్కటే.

నాలుగేళ్ల తర్వాత గ్రానైటు వాళ్ళు వచ్చి బండల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. నాయన అర్జీ పట్టుకుని కోలారు ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కోనను సర్కారే తీసుకోవాలి, అడవిగా కాపాడాలి, జనం వచ్చి చూసిపోవాలి, ఇదీ అర్జీ. పక్క చేను చౌడప్పకు అది వెర్రిగా తోచింది.

"ఏమప్పా సొన్నప్పా, ఉండే భూమిని పిలిచి సర్కారుకిచ్చేటోడివి నువ్వొక్కడివే. తలకాయలో గని దుమ్ము ఇంగా దిగలేదా?"

"క్వారీవోనికిస్తే గుంత మిగుల్తాది. సర్కారుకిస్తే కోన మిగుల్తాది. నీకేం కావల్ల?"

"నాకు నా చేను కావల్లప్పా!"

మూడేళ్ళకు సర్కారు ఒప్పుకుంది. అంచున ఉన్న మా భూములతో సహా కోనంతా స్వాధీనం చేసుకుంటామన్నారు. మొదటి సంతకం నాయనదే. ఆ సాయంత్రం ఊళ్ళో అందరికీ మైసూరుపాకు పంచాడు.

భూమి మీద ఏమేమి ఉన్నాయో రాసుకోవడానికి సర్వే వాళ్ళు వస్తారనగా, ముళబాగిలు సంతలో ఎవరో ఆయనకు ఒక మాట చెప్పారు. ఎక్కడో రోడ్డు వెడల్పు చేసినప్పుడు జాబితాలో ఉన్న సమాధులన్నీ జేసీబీతో తవ్వి, ఎముకలు ప్లాస్టిక్ సంచిలో వేసి ఇంటివాళ్ళ చేతికిచ్చారట. నిజమో కాదో ఆయన విచారించలేదు. మర్నాడే గడ్డపార తీసుకుపోయి అమ్మ పేరు చెక్కిన రాయిని పెకలించి, ఎద్దులబండిలో ఊళ్ళోని ఇంటికి తెచ్చాడు. పెరట్లో కొళాయి పక్కన బోర్లా వేశాడు. సమాధి దిబ్బను చదును చేసి పైన ఉలవలు చల్లాడు.

"ఏం పని ఇది నాయనా? సమాధి ఉండాదని చెప్తే ఏమవుతాది?"

"తీసేస్తారమ్మా. కాగితానికి ఎక్కింది ఏదీ ఉన్న తావున ఉండనియ్యరు. ఎక్కనిది వాళ్ళ కండ్లకి కనబడదు."

సర్వే రోజు నేనూ ఉన్నాను. బావులున్నాయా, చెట్లున్నాయా, సమాధులున్నాయా అని అడిగారు. "మామిళ్ళు పదకొండు, చింతచెట్లు రెండు. అంతే సామీ," అని నాయన జాబితా కింద సంతకం పెట్టాడు. అప్పటికి ఉలవలు మొలకెత్తాయి. పక్క చేలో చౌడప్ప వాళ్ళ మీద మట్టి చల్లినంత పని చేశాడు. "మా అమ్మ ఆడ పండుకోనుండాది, దాన్ని గూడా రాసుకోండి! రాసుకోని బాగుపడండి!" అని అరిచాడు. వాళ్ళు రాసుకున్నారు.

తర్వాత ఆర్డరు వచ్చింది. జాబితాలో ఉన్న సమాధులను కదపరు. చుట్టూ గోడ కడతారు. ఆ ఇంటివాళ్ళకు టికెట్టు లేకుండా పోయే పాసు, గోడ లోపల ఇంకొకరిని పూడ్చడానికి చోటు.

నాయన ఆఫీసుకు పరుగెత్తాడు. నేను వెంట వెళ్ళాను. గుమాస్తా కాగితాలు తిప్పాడు.

"రికార్డులో లేదే తాతా. సంతకం నీదే గదా?"

"నాదే సామీ. భయపడి చెప్పలేదు. రాయి మా ఇంట్లో ఉండాది, కావల్లంటే వచ్చి చూడండి."

"రాయి ఇంట్లో ఉంటే సమాధి గూడా ఇంట్లోనే ఉండల్ల గదా!"

గదిలో అందరూ నవ్వారు. చెవి సరిగ్గా వినపడని నాయన, ఏదో మంచి మాటే అయి ఉంటుందని తానూ నవ్వాడు.

కోన తెరిచారు. బాగానే చేశారు, అబద్ధం చెప్పను. బండలు అలాగే ఉన్నాయి, తేనెపట్లు అలాగే ఉన్నాయి. రెండో చింతచెట్టు పక్కన, కోన బాగా కనిపించే చోటని, సిమెంటు బెంచీ వేశారు. నాయన సోమవారం సోమవారం టికెట్టు కొనుక్కుని పోయి ఆ బెంచీకి ఎడమ పక్కన నేల మీద కూర్చునేవాడు. ఫోటోలు తీసుకునేవాళ్ళు, "తాతా, కొంచెం జరగండి," అనేవాళ్ళు. జరిగేవాడు.

పోయిన భాద్రపదంలో ఆయన పోయాడు. చివరి రెండు రోజులు కుడి చెవి మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. అనుమతి కోసం మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. రికార్డులో లేదన్నారు. ఊరి శ్మశానంలో పూడ్చాం. చౌడప్ప మట్టి వేసి, చేతులు దులుపుకోకుండా నిలబడ్డాడు.

"తిట్టినోడి అమ్మకి గోడ కట్టినారు. దండం పెట్టినోడి పెండ్లానికి బెంచీ వేసినారు. ఏం న్యాయమప్పా ఇది, సొన్నప్పా?"

మూడో రోజు పాలు పోయాలి. సగం నాయనకు పోసి, మిగతా సగం సీసాలో తీసుకుని కోనకు వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఉన్న మా ఊరి మునేష్ సంచి విప్పించాడు.

"తినేవి, తాగేవి లోపలికి తేగూడదక్కా."

"తాగేదానికి కాదు మునేషా. మా అమ్మకి."

"నాకు తెలీదా అక్కా? పైన కెమెరా ఉండాది. నా పని పోతాది."

తల వంచుకుని సీసా తీసి తన కుర్చీ కింద పెట్టాడు. నేను లోపలికి పోలేదు.

ఇంటికి వచ్చి గడ్డపారతో రాయిని తిరగేశాను. ఆరేళ్లు దాని వీపు మీదే నాయన చొక్కాలు ఉతికాను. అక్షరాల నిండా మట్టి, నాచు. పుల్లతో గీకి, కడిగి, బండిలో వేసుకుపోయి నాయనకు కుడివైపు నాటించాను. దాని కింద ఎవరూ లేరు.

మొన్న శ్మశానం కొలతలకు పంచాయతీ మనిషి వచ్చాడు. రాళ్ళ మీద పేర్లు చదువుతూ రాసుకుంటూ మా దగ్గర ఆగాడు.

"సొన్నప్ప, గంగులమ్మ. మొగుడూ పెండ్లాలు పక్కపక్కనే ఉండారు గదమ్మా?"

"రాసుకోండి," అన్నాను.