అడుగు అరిగిన బొమ్మ

నా మీద ఒట్టు... కాదు, నా మీద ఒట్టేస్తే మీరు నమ్మరు. మా ఇంటామె మీద ఒట్టు. ఇది జరిగింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆళ్లగడ్డలో, నాకే జరిగింది.

అప్పట్లో నంద్యాలలో నాకు దేవుడి పటాలు కట్టే అంగడి ఉండేది. పిచ్చి మాత్రం బొమ్మల మీద. పాతవి, పగిలినవి, ఎవరికీ అక్కర్లేనివి. బనగానపల్లె కానీ, ప్యాపిలి కానీ... చెయ్యి విరిగిన బొమ్మను ఎవరైనా బయట పడేస్తున్నారని తెలిస్తే చాలు, అంగడి మూసి బస్సెక్కేవాణ్ని. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి, పోయిన ముక్కు పెట్టి, పోయిన వేలు పెట్టి, రంగు వేసి నిలబెట్టేవాణ్ని. ఇంట్లో వందల బొమ్మలుండేవి. కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అన్ని కళ్ల మధ్య హాయిగా గురకపెట్టి నిద్రపోయిన మనిషిని. అలాంటివాణ్ని కాబట్టే ఆ రాత్రి ఆ ఇంట్లో ఒంటరిగా, చేతిలో దీపం కూడా లేకుండా, ఆ చప్పుడు వస్తున్న వైపు నడిచాను.

ఆ ఇల్లు ఓబుళమ్మది. మా ఇంటామె సుబ్బులుకు పెద్దమ్మ. పొలాలూ పశువులూ ఉన్న ఇల్లు. ఆమె దగ్గర జానెడు ఎర్రచందనం బొమ్మ ఉండేది. ఆడబొమ్మ. మెడ దగ్గర చీలితే బాగుచెయ్యమని నాకిచ్చింది. నంద్యాల తెచ్చి మెడ అతికించాను. అక్కడితో ఊరుకోవాలి కదా... ఊరుకోలేదు. దాని అడుగు ఒక పక్క బాగా అరిగిపోయి ఉంది. నిలబెడితే ఒరిగేది. ఒరిగే బొమ్మను చూస్తే నాకు అన్నం సయించదు. అరిగిన చోట పొట్టూ జిగురూ దట్టించాను. చదును చేశాను. అతుకు కనబడకుండా సింధూరం కలిపిన రంగు పూశాను. బొమ్మ నిటారుగా నిలబడింది. ఎంత మురిసిపోయానో.

ఆళ్లగడ్డ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఓబుళమ్మ బొమ్మను ఇరుగుపొరుగుకు చూపించి, మా అల్లుడి చేతి పని చూడండి అని ఒకటే పొగడ్త. నేను మీసం తిప్పుతున్నాను. అప్పుడు చూశాను... మంచం మీద ఆమె మనవరాలు నరసమ్మ. ఐదేళ్ల పిల్ల. నిద్రలో తప్ప నోరు మూయని పిల్ల, గోడవైపు తిరిగి మూలుగుతోంది. చెవి కింద చెంప ఉబ్బిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. తల్లీ తండ్రీ కొలిమిగుండ్లలో పెళ్లికి పోయి ఉన్నారు.

"మంచి సమయానికి తెచ్చినావ్ నాయనా," అంది ఓబుళమ్మ. "తెల్లారుతానే దీన్ని సాన మీద అరగదీసి పిల్లకు పట్టేస్తా. మా అత్తా, వాళ్లత్తా... ఈ ఇంట్లో పిల్లోళ్ల వాపులన్నీ దీంతోనే కదా తీసింది."

నా చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

ఆ అడుగు ఎందుకు అరిగిందో అప్పుడు తెలిసింది నాకు. ఎందరు ఆడవాళ్లు, ఎన్ని రాత్రులు, ఎందరు పిల్లల కోసం అరగదీసిన చోటో అది. నేను దాన్ని పూడ్చేశాను. పైన సింధూరం పూశాను. సింధూరం కడుపులోకి పోతే గొంతు పోతుందని మా వైపు తెలియనివాళ్లు లేరు. చెంపకు పట్టు వేస్తే పసిపిల్ల నాలుకతో అందుకోకుండా ఉంటుందా?

చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఇరుగుపొరుగు ఇంకా అక్కడే ఉన్నారు... చెప్పలేదు. అందరూ పడుకున్నాక లేచి కత్తితో గీకేద్దాంలే అనుకున్నాను.

బొమ్మను వంటింట్లో సాన పక్కన పెట్టి, ఓబుళమ్మ పిల్ల దగ్గర పడుకుంది. అదే పడసాలలో నాకూ పక్క వేశారు.

ఇక్కడొక మాట. ఒంటరిగా అన్నాను కదా... సుబ్బులు కూడా నాతో వచ్చింది. నా పక్కనే పడుకుంది. వందల బొమ్మలన్నదీ కొంచెం సాగదీసిన మాటే. ఒక బీరువా. అదీ నిండలేదు. ఇక నుంచి చెప్పేది మాత్రం అక్షరాలా నిజం.

అందరూ నిద్రపోవాలని చూస్తూ చూస్తూ నేనే కునుకు తీశాను. ఎప్పుడో మెలకువ వచ్చింది.

గర్ర్... గర్ర్...

వంటింట్లోంచి. రాయి మీద చెక్క తిరిగే చప్పుడు. తొందర లేదు. కొన్ని చుట్లు తిరిగి ఆగుతోంది. వేలితో నాలుగు చుక్కల నీళ్లు చిలకరించేంత సేపు... మళ్లీ గర్ర్... గర్ర్...

ఓబుళమ్మ అప్పుడే లేచి అరగదీస్తోంది, అయిపోయింది, అనుకున్నాను. తల తిప్పి చూశాను. కిటికీలోంచి వెన్నెల పడుతోంది. ఓబుళమ్మ పిల్ల మీద చెయ్యి వేసుకుని నిద్రపోతోంది. సుబ్బులు నా పక్కనే ఉంది. ఆ ఇంట్లో ఉన్నది మేం నలుగురమే.

మరి లోపల...

లేచాను. గోడ పట్టుకుని నడిచాను. కాళ్ల కింద బండలు చల్లగా ఉన్నాయి. వంటింటి గడప మీద కాలు పెట్టాను.

చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ లేరు. తడిసిన చెక్క వాసన... అంతే. గీకాలన్న సంగతే మరిచిపోయి వెనక్కొచ్చి పడుకున్నాను.

తెల్లవారి చూస్తే పిల్ల చెంప మీద ఎర్రటి పట్టు. పెదవి అంచు దాకా. అప్పుడే ఆరుతోంది. వంటింట్లోకి పరిగెత్తాను. బొమ్మ సాన పక్కన పడి ఉంది. అడుగు చూశాను. నేను దట్టించిందంతా పోయింది. పాత అరుగుదల, పాత వంపు... అలాగే ఉన్నాయి. కింద పొట్టు రవ్వ కూడా లేదు. మరి నా సింధూరం ఎక్కడికి పోయింది? పిల్ల చెంప మీదికా? చందనమూ ఎరుపే, సింధూరమూ ఎరుపే. ఎలా తెలుస్తుంది?

నేనే రాత్రి లేచి పట్టేశాననుకుంది ఓబుళమ్మ. తడిగుడ్డతో పిల్ల మూతి తుడిచి, మంచం పక్కన కూలబడ్డాను.

పిల్ల కళ్లు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మింగింది. మళ్లీ కదిలాయి...

"అవ్వా, ఈ మామ ఏంటికి ఏడుస్తాండాడు?"

ఎప్పటి గొంతే.

వాపు మెల్లగా తగ్గింది. ఆ రాత్రి అరగదీసింది ఎవరు? ఓబుళమ్మ నిద్రలో లేచిందా? నా చెవులే నన్ను మోసం చేశాయా? ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

ఇదంతా రాసి నిన్న సుబ్బులుకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ వింది. గడప దగ్గర చప్పుడు ఆగిందన్న చోట తలెత్తింది.

"నువ్వు యాడ లేచినావప్పా? నెత్తిన దుప్పటి కప్పుకోని నా కొంగు పట్టుకోనుంటివి. విడిపించుకోని పోయింది నేను."

ఆ ఒక్కటీ తీసేస్తాలే అన్నాను. చప్పుడు ఆగిందని నువ్వే కదా వచ్చి చెప్పింది, అదైనా ఉండనీ అన్నాను.

"నువ్వు జడుసుకుంటావని అట్ల చెప్పినా," అంది. "సాన మీద చెయ్యి పెట్టి చూసినా. అప్పుడు గూడా ఆగలేదు."