వదినగారి గుమ్మం దాటిన బండి

పెద్దింట్లమ్మగారి గుమ్మం ముందు నుంచి ఆగకుండా పోయేది ఒక్క ఆర్టీసీ బస్సే. దాన్నీ ఒకసారి చెయ్యెత్తి ఆపించి, కండక్టరు తమ దూరపు చుట్టమని తేల్చి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి మరీ పంపిందట. ఈ సంగతి చెప్పుకుని ఊరు ఊరంతా మురిసిపోతుంది. ఏం మర్యాదండీ ఆవిడదీ అంటారు. అనరూ మరి! తిని చెయ్యి కడుక్కుని పోయేవాళ్ళకేం, అన్నీ మర్యాదలే. ఆవిడ తమ్ముణ్ణి కట్టుకున్నదాన్ని, నన్నడగండి, చెబుతాను.

ఆవిడ మా ఆయన ప్రకాష్‌కి అక్క, నాకు వదిన. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. ఈ ముక్క నాకు పెళ్ళిచూపుల్లో చెప్పారు, పెళ్ళిలో చెప్పారు, ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. ఇల్లు రాజోలు దాటాక దిండి వెళ్ళే రోడ్డు మీదే. భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావుగారిది కొబ్బరికాయల వ్యాపారం. పేరు ఎంత పొడుగో మాట అంత పొట్టి. భార్య ఏమన్నా "ఆయ్" అంటారు, మళ్ళీ కాయల రాశి దగ్గరికి పోతారు.

ఇక ఆవిడ వడ్డన. చాలు వదినగారూ అంటే వినపడదు. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ మీదే వేస్తుంది. మనం తింటున్నంతసేపూ నడుమున చెయ్యి పెట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. పోలీసు కానిస్టేబులు కూడా అలా నిలబడడు. తను మాత్రం మన ముందు ఒక్క ముద్ద తినగా నేను చూడలేదు.

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి సెలవు. ఆ సెలవంతా ఆవిడ భోజనాల బల్ల దగ్గరే తెల్లారిపోతుంది. కిందటిసారి పిల్లల్ని అంతర్వేది సముద్రానికి తీసుకెళ్దామని బయల్దేరాం. కాఫీ చుక్క తాగేసి వెళ్దురు గాని అంది. కాఫీ వెనకాల పెసరట్లు, పెసరట్ల వెనకాల భోజనం, భోజనం వెనకాల పనస తొనలు. లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. మా చిన్నాడు కారులోనే వాంతి చేసుకున్నాడు. మా అమ్మాయి ప్రసన్న ఇంటికొచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. దాని ముందుసారి అప్పనపల్లి ప్రయాణానిదీ అదే గతి.

అందుకే ఈసారి తండ్రి విమానం దిగిన రోజే ప్రసన్న అడిగేసింది.

"నాన్నా, దిండిలో పడవెక్కుదాం. మనమే. అత్తయ్య ఇంటికి వెళ్ళకుండా."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. పదేళ్ళ పిల్ల, పుట్టాక తండ్రితో గడిపిన రోజులు కలిపి చూస్తే ఏడాది కూడా నిండవు. ఈసారి సెలవు కూడా పెళ్ళిళ్ళకీ పరామర్శలకీ కరిగిపోయి చివరి వారానికి వచ్చేసింది. ఒక్కటంటే ఒక్క రోజు, దాని తండ్రి దానికి పూర్తిగా దక్కాలని పంతం పట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది బంగారరాజు బండి. అమలాపురంలో ఉంటాడు. పాత వ్యాను కొని, లోపల గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, రెండు మంచాలు, ఓ మూల బాత్రూమూ బిగించి, క్యారవాన్ అని పేరు రాయించి అద్దెకిస్తున్నాడు. దారిలో చుట్టాలింట్లో ఎందుకు దిగుతాం? దాహమనో, ఆకలనో, పిల్లలకి అర్జంటనో. అన్నీ బండిలోనే ఉంటే దిగాల్సిన పనేముంది? నా బుర్రని నేనే మెచ్చుకున్నాను.

ప్లాను వేయడానికి కూర్చుంటే ఇంట్లో కురుక్షేత్రమే. పొద్దున్న ఉప్మా బండిలో, మధ్యాహ్నం అన్నం, పప్పు, రొయ్యల వేపుడు గోదారి ఒడ్డున, పడవ, చీకటి పడేలోగా ఇల్లు. ఇదీ నేను చెప్పింది. ఆయన వింటే కదా! అక్క గేటు ముందు నుంచి వెళ్ళి దిగకపోతే ఏం మొహం పెట్టుకు బతకమంటావు అన్నాడు. కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోదాం అన్నాను. ఆ గట్టు మీద ఈ బండి పట్టదు అన్నాడు. అయితే కర్టెన్లు వేసుకుని ఆపకుండా పోదాం అన్నాను. దొంగల్లాగానా అన్నాడు. అవును, దొంగల్లాగానే, మీ కూతురు ఆశ పెట్టుకుంది కదా, ఆ పిల్ల ఏడిస్తే మీ అక్కొచ్చి ఊరుకోబెడుతుందా అన్నాను. ఆ మాటతో ఆయన నోరు మూసుకున్నాడు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అద్దె బండిలో బయల్దేరాం, నడిపేది ఆయనే. రాజోలు దాటగానే నేను ముందు సీట్లోంచి లేచి వెనక్కి వెళ్ళి కర్టెన్లు లాగేశాను. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వుతున్నారు. వదినగారి ఇల్లు దగ్గర పడుతుంటే బండి నెమ్మదించింది. "ఆపితే మాత్రం నేను దిగను" అన్నాను. బండి మళ్ళీ వేగమందుకుంది. కర్టెన్ సందులోంచి చూశాను. వదినగారు గేటు దగ్గర నిలబడి ఉంది. పట్టుచీర. చేతిలో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ చెంబు. బండి ముందుకు వెళ్ళిపోయినా చెంబు అలాగే పట్టుకుని ఉంది. ఈవిడకెలా తెలిసిందా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది గానీ, పిల్లల చప్పట్లలో పట్టించుకోలేదు.

దిండి చేరాం, పడవెక్కాం. చల్లటి గాలి, రెండొడ్డులా కొబ్బరి చెట్లు, అన్నీ బాగానే ఉన్నాయి. బాగా లేనిది ఈయన ఒక్కడే. ఫోను చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ప్రసన్న చూడు నాన్నా అంటూ కొంగల్ని చూపించింది, అవునమ్మా అన్నాడు తలెత్తకుండా. కాసేపటికి ఆ పిల్ల చూపించడం మానేసింది. ఒడ్డుకొచ్చి నేను చెమట్లు కక్కుతూ వండితే ముద్ద కెలికి చెయ్యి కడిగేసుకున్నాడు. పిల్లలు పడవ దగ్గర కొన్న చిప్సులతో కడుపు నింపుకుని అన్నం ముట్టలేదు. వండిన గిన్నెలు వండినట్టే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. తినిపించకుండా కూడా మా రోజు మింగేసింది మహాతల్లి.

సాయంత్రం తిరుగు దారిలో, నన్నడక్కుండానే, అక్క గేటు ముందు బండి ఆపి దిగిపోయాడు. చేసేది లేక పిల్లల్ని తీసుకుని నేనూ దిగాను.

వదినగారు అరుగు మీద కూర్చుని ఉంది. లేచి, రండి, కూర్చోండి అంది. ఊరు పేరు తెలియని వాళ్ళని పిలిచినట్టు. గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. అంతే. కాఫీ లేదు, పెసరట్టు లేదు. వంటింట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉండటం కనిపిస్తూనే ఉంది.

ప్రసన్న దగ్గరికెళ్ళి, "అత్తయ్యా, ఆకలేస్తోంది" అంది.

"బండిలో వంటిల్లుంది కదమ్మా. మీ అమ్మ వండి పెడుతుంది."

ఆ ఇంట్లో ఆకలన్న పిల్లకి అలాంటి జవాబు ఎప్పుడైనా వచ్చిందా? మా ఆయన మొహం పాలిపోయింది. అప్పుడు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు, పెళ్ళయ్యాక నేను వినడం ఇదే మొదలు, నాలుగు ముక్కలు మాట్లాడారు. "రేత్రి తమ్ముడు ఫోన్ చేసి రేపు వంటిల్లున్న బండిలో ఇటే వస్తన్నాం అన్నాడండీ. తెల్లారకుండా లేచి వండింది. మీ బండి పోయాక అదంతా కొబ్బరికాయలు వలిచేవాళ్ళకి పెట్టేసింది. తను తినలేదు."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన తల దించుకున్నాడు. అటు అక్కకీ మాటివ్వాలి, ఇటు నాకూ తలూపాలి! ఆ కోపం ఆయన మీద చూపించే వీల్లేక వదినగారి మీదికి తిరిగాను.

"పిల్లలు ఒక్క రోజు వాళ్ళ నాన్నతో పడవెక్కుదామనుకున్నారండీ. మీ ఇంట్లో దిగితే మా రోజంతా మీ కంచాల్లోనే అయిపోద్ది. అందుకే దిగలేదు" అనేశాను.

వదినగారు నన్ను నింపాదిగా చూసింది.

"అయిపోద్ది. కూచోబెట్టకపోతే వెళ్ళిపోతారు కదా మరి. నీ పెళ్ళయిన కాణ్ణించీ ఈ గుమ్మం ముందు నుంచే అంతర్వేదనీ దిండనీ వెళ్తన్నారు. వదినగారూ, మీరూ ఎక్కండి అని ఒక్కసారన్నావా? వీడన్నాడా? దిండి ఎంత దూరమే ఇక్కడికి? ఆ పడవ ఎలా ఉంటదో నేనెరగను."

సమాధానం లేనప్పుడు నా కోపం ఇంకా పెరుగుతుంది.

"అయితే లేవండి" అన్నాను. "ఇవాళ మా ఇల్లే మీ గుమ్మంలోకి వచ్చింది. ఎక్కి భోంచేసి దిగండి. తినకుండా దిగితే ఒప్పుకోను."

రాదనుకునే అన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బండెక్కింది. పొయ్యి చూసింది, ట్యాంకు పంపు తిప్పి చూసింది, మంచం మీద చెయ్యేసి నొక్కింది. పిల్లల మధ్య కూర్చుంది. రేపు పొద్దున్న పడవ దగ్గరికెళ్దాం, కిటికీ పక్క నువ్వు కూచో అత్తయ్యా, కొంగల్ని చూపిస్తాను అంది ప్రసన్న. బండి రేపు మధ్యాహ్నానికి అప్పజెప్పాలని నేను గుర్తు చెయ్యబోయాను. బండి ఇంకో రోజు ఉంచుకుంటామని మా ఆయన అప్పటికే బంగారరాజుకి ఫోన్ చేస్తున్నాడు.

అన్నం, పప్పు, రొయ్యల వేపుడు వేడి చేసి ఆవిడ ముందు పెట్టాను. ఇన్నేళ్ళ కసి తీరేలా వడ్డించాను. ఎదురుగా, నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. చాలు అంటుందేమో, చెయ్యి అడ్డం పెడుతుందేమో, వేళ్ళ మీద వేసేద్దామని గరిటె పట్టుకుని చూస్తున్నాను. ఆవిడ అడ్డం పెట్టలేదు. తల వంచుకుని తింటోంది. పెట్టిందంతా తింది. పొద్దుటి నుంచీ తినని మనిషి తిన్నట్టు తింది.

"ఉప్పు తక్కువైంది మాధురీ" అంది.

అని, ఇంకొంచెం వెయ్యమన్నట్టు కంచం నా ముందుకు తోసింది.