మా గుంట ఏరిన బండి

కొత్త పికప్ కొనేటప్పుడు లోపలి పనితనం ఎలా చూడాలో నాకు నేర్పింది మా గుంట. మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం. ఇంజను సంగతి మా బావమరిది చూశాడు, టైర్ల సంగతి ఎవరైనా చూస్తారు. మేం కూర్చునే క్యాబిన్‌ని మాత్రం దాని చేతికి అప్పగించాం. దానికి పద్నాలుగేళ్లు. మాట రాదు. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదని డాక్టర్లు చెప్పారు. నేను చూసినంతవరకు దాని బుద్ధంతా చేతుల్లో ఉండేది. తిరిగేదేదైనా తిప్పాలి, తెరుచుకునేదేదైనా తెరవాలి, ఊడేదేదైనా ఊడేదాకా లాగాలి.

నాది చేపల బండి. తెల్లారకుండానే భావనపాడులో ఐసు వేసి ట్రేలు ఎక్కించుకుని రాజాం, అక్కణ్ణుంచి బొబ్బిలి. అమ్మకం మా ఆవిడది. బేరానికి నా నోరు పనికిరాదు, రెండో మాటకే కోపం వచ్చేస్తుంది. మరి పిల్లని ఎక్కడ వదలాలి? మొదట్లో పక్కింటి ముసలమ్మకి అప్పగించి వెళ్లేవాళ్లం. ఒకరోజు తిరిగొచ్చేసరికి అది పందిరి గుంజకి చీరముక్కతో కట్టేసి ఉంది. ముసలమ్మనీ తప్పుపట్టలేను. సముద్రం వైపు పరిగెత్తిందట, తన ముసలి కాళ్లతో ఆపలేక కట్టేసింది. మా ఆవిడ ఆ ముడి విప్పుతూ ఒక్క మాటే అంది.

"ఇంక మనతోనే వస్తాది మావా."

మర్నాటి నుంచి మా ఇద్దరి మధ్యా గుంట కూర్చునేది. బండి కదిలితే చాలు, దానికి పండగే. నౌపడ ఉప్పు మడులు దాటేదాకా కిటికీ వైపు చూసేది. వంశధార వంతెన ఎక్కాక అతుకుల మీద చక్రాలు టకటకమంటుంటే పగలబడి నవ్వేది. రోజూ అదే వంతెన, రోజూ అదే నవ్వు. దానితో పాటు మా ఆవిడ నవ్వేది. నేను మాత్రం రోడ్డు చూడాలి కాబట్టి ముఖం గంభీరంగా పెట్టుకునేవాణ్ణి.

ఇక పాత బండి లోపలి అందం చెప్పాలి. గాలి వచ్చే రెక్కల్లో ఒక్కటీ మిగల్లేదు, అన్నీ నల్లటి కన్నాలే. డ్యాష్‌బోర్డు అర మూత ఊడిపోతే వల నేసే దారంతో కట్టాను. నాలుగు రోజులు తిరక్కుండా ఆ ముడి విప్పడమూ నేర్చుకుంది. కిటికీ అద్దం దింపాలంటే కటింగ్ ప్లేయరు కావాలి. ఎండ పడకుండా వాల్చుకునే పలక నా ముక్కు మీద వేలాడేది. ఒకసారి రేడియో బొత్తాం కనబడలేదు. మింగేసిందేమోనని మేమిద్దరం హడలిపోయి బండంతా వెతికాం. చివరికి దాని జడలో దొరికింది.

మా బావమరిదీ డ్రైవరే. ఎక్కినప్పుడల్లా ఒకటే పాట.

"ఇది బండేనా బావా? కుక్కలు సింపిన ఇస్తరిలాగున్నాది!"

"నీ మేనకోడలి సేతి పని మరి. నచ్చకపోతే దిగిపో."

చివరికి అది తలుపు పని పట్టింది. వాళ్లమ్మ ఒడి మీదుగా ఒంగి ఎడమ తలుపు పిడి రోజూ లాగీ లాగీ గొళ్లెం అరగదీసింది. చిలకపాలెం మలుపులో ఆ తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంది. మా ఆవిడ ఒక చేత్తో సీటూ ఇంకో చేత్తో పిల్లనీ పట్టుకుని సగం బయట వేలాడింది. నేను బ్రేకు తొక్కి, దిగి, ఎవరిని తిట్టాలో తెలియక బండి టైరుని తన్నాను. బాగుచేయిస్తే మళ్లీ అరిగింది. ఇంజను కూడా దగ్గుతోంది. బండి మార్చకపోతే గుంట మాతో రాలేదు. మాతో రాకపోతే దానికి మళ్లీ గుంజే గతి. కాబట్టి మేం షోరూములకి వెళ్లింది నిజానికి బండి కోసం కాదు, ఆ మధ్య సీటు కోసం.

వెళ్లేముందు అందరిలాగే ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకాయన డ్యాష్‌బోర్డుని పెళ్లికూతురి బుగ్గలా నిమురుతూ 'ప్రీమియం ఫీల్' అంటాడు. ఇంకొకాయన స్క్రీను ఎంత పెద్దదో జానతో కొలిచి చూపిస్తాడు. లాగితే ఊడుతుందా ఊడదా, అది చెప్పవయ్యా అంటే ఒక్కడూ చెప్పడు.

మొదట శ్రీకాకుళంలో చూసిన బండి లోపల రెండు రంగుల్లో తళతళలాడిపోయింది. గుంటని మధ్యలో కూర్చోబెట్టాం. అది ముందుగా అర మూత పట్టుకుంది. తెరిచింది, మూసింది, తెరిచింది, మూత చేతిలోకి వచ్చేసింది. మూత అంచు గీసుకుని వేలికి నెత్తురు కూడా చిమ్మింది. తలుపు వేస్తే ఖాళీ నూనె డబ్బా మోగినట్టు మోగింది. గేరు రాడ్డు సరిగ్గా దాని మోకాళ్ల మధ్యకి వచ్చింది. అక్కడి మనిషి మూత అందుకుని నా వైపు కోపంగా చూశాడు. నేను అతనికన్నా కోపంగా చూశాను.

"పైన పటారం, లోన లొటారం. ఎల్పోదాం రా బావా," అన్నాడు బావమరిది.

ఆ తర్వాత విజయనగరం వెళ్లాం. అక్కడ టై కట్టుకున్న ఒక అబ్బాయి ఎదురొచ్చి, మమ్మల్ని చూసి, మా పిల్లని చూసి, మళ్లీ నన్ను చూశాడు. అతను చూపించిన బండి లోపల ఏ అందమూ లేదు. అంతా నల్లగా, మొద్దుగా, గేదె వీపులా ఉంది. మరలు పైకే కనిపిస్తున్నాయి. సీటుకి రెండు వరసల కుట్టు. కింద మందపాటి రబ్బరు, చేపల నీళ్లు పడితే కడిగేసుకోవచ్చు. గేరు రాడ్డు నా వైపుకి ఉంది. తలుపు వేస్తే బియ్యం బస్తా దించినట్టు ధబ్‌మంది.

గుంట ఎక్కి పని మొదలుపెట్టింది. గాలి రెక్కలు పైకీ కిందికీ తిప్పింది. గోళ్లు పెట్టి లాగింది. అర మూతని రెండు చేతులతో పీకింది. ఆ అబ్బాయి మెడలో టై సర్దుకున్నాడు.

"సార్, పాప చేతులు కొంచెం పట్టుకోండి సార్..." అని, గుంట మూత మీద కాలు ఆనించి మరీ లాగేసరికి బడి భాష మర్చిపోయాడు. "ఓలమ్మో, ఇరిగిపోతాది సార్!"

"ఇరిగితే నీ బండి నీకాడే ఉంటాది బాబూ. ఇరక్కపోతే మాం కొనుక్కుంటాం. సూడనీ," అంది మా ఆవిడ.

అతనికీ ఇది పందెంలా తోచినట్టుంది, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుంట తలుపు పిడి లాగింది, అద్దం తిప్పే పిడి తిప్పింది, పలకకి వేలాడింది. చాలాసేపు అలా చేసి చేసి ఆగిపోయింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగి నవ్వింది. అది ఓడిపోయి నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ అబ్బాయి కూడా నవ్వేసి, హారన్ ఒకసారి కొట్టుకోనిచ్చాడు. అది ఒకసారితో ఆగుతుందా? షోరూములో జనమంతా చెవులు మూసుకున్నారు. అక్కడికక్కడే బుక్ చేశాం. పాత బండి ఎక్స్చేంజికి ఇచ్చేట్టు, కొత్తది కొన్ని వారాల్లో వచ్చేట్టు మాట అయింది.

ఆ వారాల మధ్యలోనే జ్వరం వచ్చింది. గుంటకి చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి, మందులు వేస్తూనే ఉన్నాం. జ్వరంతో పాటు మొదలైన ఫిట్స్ ఈసారి ఆగలేదు. బావమరిది పాత బండి తోలాడు. మధ్యలో గుంటని మేమిద్దరం పట్టుకుని కూర్చున్నాం. వంశధార వంతెన మీద చక్రాలు టకటకమంటే నేను దాని ముఖం వైపే చూశాను. నవ్వలేదు. ఆసుపత్రిలో డాక్టరు దిగివచ్చి, బండిలోనే చూసి, తల అడ్డంగా ఊపాడు. దారిలోనే పోయిందన్నాడు.

దించకుండా అదే బండిలో ఇంటికి తెచ్చుకున్నాం. వాళ్లమ్మ దాని రెండు చేతులూ ఒళ్లో పెట్టి పట్టుకుంది. పట్టుకోకపోయినా ఎక్కడికీ పోయేవి కావు. దాని చుట్టూ అన్నీ ఉన్నాయి. కన్నాలు, వేలాడే పలక, దారంతో కట్టిన మూత. దేన్నీ ముట్టుకోలేదు. నా బిడ్డ పోయిందని డాక్టరు చెబితే నేను నమ్మలేదు, ఆ మూత అలాగే ఉండిపోవడం చూసి నమ్మాను.

కొత్త బండి వచ్చిందని షోరూము నుంచి ఫోను వచ్చింది. నేను వద్దన్నాను. బావమరిది మాత్రం ఊరుకోలేదు.

"తెచ్చుకో బావా. పని లేకపోతే నువ్వు ఈ ఇంట్లో కూకుని పిచ్చోడివైపోతావు. మా అక్కనీ పిచ్చిదాన్ని సేస్తావు."

వెళ్లాం. ముందుగా ఒక పెద్దమనిషి పాత బండి లోపలికి దూరి, ధర కట్టడానికి ఒక్కొక్కటీ పైకి చెప్పడం మొదలుపెట్టాడు. గాలి రెక్కలు లేవు. మూత విరిగింది. అద్దం పిడి లేదు. పలక ఊడింది. బొత్తాం కొరికేసి ఉంది. ఆయన పని ఆయన చేస్తున్నాడు.

"సాల్లే ఆపండి! ఎంతిస్తే అంతే తీసుకుంటాను. ఆ లెక్క మాత్రం సదవకండి!" అని అరిచాను.

ఆయన బిత్తరపోయి దిగాడు. టై కట్టుకున్న అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టించాడు, దండ వేయించాడు. ఆ తర్వాత జేబులోంచి చాక్లెట్ తీసి అటూ ఇటూ చూశాడు.

"పాప రాలేదా అమ్మా? ఈరోజు ఎంతసేపైనా హారన్ కొట్టుకోమందామని..."

నేను మొహం తిప్పేసుకున్నాను. మా ఆవిడ చాక్లెట్ అందుకుంది.

"ఇంటికాడున్నాది బాబూ. ఇచ్చేస్తాను," అంది.

నిమ్మకాయలు తొక్కించుకుంటూ బండి బయటికి తెచ్చాను. దారి పొడుగునా ఆవిడ ఆ చాక్లెట్ పిడికిట్లోనే పెట్టుకుంది. ఎండకి కరిగి వేళ్ల సందుల్లోంచి కారినా తుడుచుకోలేదు.

అప్పటి నుంచి ఆ బండితోనే బతుకుతున్నాం. అదే రాజాం, అదే బొబ్బిలి, అవే ట్రేలు. మా ఆవిడ ఎడమ తలుపు పక్కకే కూర్చుంటుంది, మధ్యకి జరగదు. జరగమని నేనూ అనలేదు. బండి సీట్లకి ప్లాస్టిక్ కవర్లతో వచ్చింది కదా, మేం కూర్చునేచోట అవి చిరిగిపోయాయి. మధ్య సీటుది అలాగే ఉంది. గుంట ఉండుంటే ఆ కవరు వంతెన దాకా కూడా బతికేది కాదు.

మొన్నామధ్య బొబ్బిలిలో సరుకు దించాక, మా దగ్గర చేపలు కొనే ఆయన ఎండకి తాళలేక కాసేపు బండిలో కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. రెక్కలు తిప్పాడు, మూత తెరిచి మూశాడు. మంచివాడే పాపం, మా సంగతి ఆయనకి తెలియదు.

"ఏటి బావా, బండి నిన్న కొన్నట్టే ఉంచావు! సేపల బండంటే ఎవడైనా నమ్ముతాడా? ఒక్క గీత లేదు. మా ఇంట్లో గుంటలు ఎక్కితే పూటలో పీకి పందిరేస్తారు. అదృష్టవంతుడివి."

నేను నవ్వాను. నవ్వక ఏం చేస్తాను. ఆయన దిగి వెళ్లిపోయాక బండి తీశాను. రాజాం దారి పట్టేదాకా మా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. అప్పుడు ఉన్నట్టుండి ముందుకు ఒంగి, గాలి రెక్క మీద వేళ్లు వేసి లాగింది. రాలేదు. గోళ్లు పెట్టి లాగింది. తర్వాత మూత పట్టుకుంది. కాలు ఆనించి, పళ్లు బిగించి, రెండు చేతులతో పీకింది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆవిడ ఒక గ్లాసైనా విసిరికొట్టడం నేను చూడలేదు.

బండి పక్కకి ఆపాను.

"ఏటి సేస్తన్నావే?"

"ఇరగట్లేదు మావా," అంది ఏడుస్తూ. "ఒక్కటైనా ఇరిగితే బాగున్ను. ఒక్కటంటే ఒక్కటి."

మధ్య సీటు మీద మోకాళ్లు ఆనించి నేనూ ఆ మూత పట్టుకున్నాను. మోకాళ్ల కింద ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. ఇద్దరం కలిసి లాగాం. మేం వలలు లాగిన వాళ్ల పిల్లలం, మా చేతుల్లో బలం తక్కువేమీ కాదు. పక్కనుంచి లారీలు పోతున్నాయి. చేతులు ఎర్రబడేదాకా లాగాం. మూత కదలలేదు.

ఆవిడ వదిలేసి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"గట్టిదే ఏరింది మావా మన గుంట," అంది.