సున్నం పూసిన వ్యాను పైకప్పు

మే నెల మధ్యాహ్నం మా వ్యాను పైకప్పు మీద అరచెయ్యి పెడితే మూడు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేయాల్సిందే. లోపల ఫ్యాను వేడి గాలినే తిప్పుతుంది. ఆ వ్యాను ఒకప్పుడు మినీ బస్సు. సీట్లు పీకేసి, వెనక ఒక మంచం, ఒక స్టవ్వు పెట్టుకున్నాను. పైన గాలి కోసం రేకు కోసి మూత పెట్టించాను. శ్రీకాళహస్తిలో మా అక్క కలంకారీ వేస్తుంది. ఎక్కడ ప్రదర్శన ఉన్నా ఆమెనూ బట్టలనూ ఈ వ్యానులోనే తీసుకెళ్తాను.

కారడం మూత దగ్గర మొదలైంది. మూతకు బెత్తెడు ముందు రెండు రేకులు కలిసే అతుకు ఉంది. కిందటేడు వానల్లో అక్కడ చెమ్మ కనబడింది. ఈ ఏడు ఏప్రిల్‌లో పైకెక్కి ఆ అతుకును కొలిచాను, ఐదడుగుల రెండంగుళాలు. సందు ఎంతుందో తెలియడానికి ఒక పెళ్లి శుభలేఖను నిలువుగా దూర్చి చూశాను. దూరలేదు. అంత సన్నని సందుకు ఒక ట్యూబు సీలెంటు చాలని లెక్కవేసి, ఆ మధ్యాహ్నమే గీత గీసినట్టు పూశాను. దాని మీద కప్పంతా సున్నం రెండు పూతలు వేశాను. మా నాయన ప్రతి ఎండాకాలం మిద్దెకు సున్నం కొట్టేవాడు, లోపల చల్లగా ఉండేది. సున్నం వేశాక వ్యానులో వేడి ఐదు డిగ్రీలు తగ్గింది. రోజుకు మూడుసార్లు చూసి రాసుకున్నాను.

అక్క కింద నిలబడి, "మిద్దె వేరు, రేకు వేరు రా. రేకు కదలతాది," అంది.

"పైకప్పు యాడికి కదలతాది అక్కా?" అన్నాను.

నెల తర్వాత ఆమె పెద్ద బట్ట పూర్తయింది. ఏడు నెలల పని. ఎనిమిదడుగుల బట్ట మీద ఒక చెట్టు, కొమ్మల్లో అరవై నాలుగు పిట్టలు. మరునాడు పొద్దున పదింటికి బెంగళూరులో దాన్ని వేలాడదీయాలి. నీలం మేం బయల్దేరిన ఉదయమే వేసింది గనక మడవడానికి లేదు, చుట్టడానికి లేదు. ప్లాస్టిక్ కప్పితే ఉక్కకు రంగు అంటుకుంటుంది. అందుకని చట్రానికి బిగించి, వ్యాను ముందు సగంలో పడకేసినట్టు పరిచాం.

బంగారుపాళ్యం దాటే సమయానికి నాలుగైంది. మబ్బు పట్టి, గాలి లేచి, ముందున్న రోడ్డు కనబడనంత వాన వచ్చింది. ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు రోడ్డు వార పల్లంలోకి దించి ఆపాను. షెడ్డు కింద కాయల ట్రాక్టర్లు నిండి ఉన్నాయి, మాకు సందు లేదు.

మొదటి చుక్క చట్రం అంచు మీద పడింది. అక్క చటుక్కున అన్నం తినే తట్ట తీసి దాని కింద పట్టింది. చుక్క చిందకుండా పైటకొంగు తట్టలో వేసింది. నేను గడియారం చూశాను. తొమ్మిది సెకండ్లకు ఒక చుక్క.

"లెక్కపెట్టింది సాలు గానీ, ఆ నీళ్ల రంగు సూడు," అంది.

తట్టలో నీళ్లు తెల్లగా ఉన్నాయి. మామూలు నీళ్లయితే అద్ది తీసి ఆరబెట్టొచ్చు. సున్నపు నీళ్లు తగిలితే అక్క వేసిన పసుపు ఎర్రగా మారుతుంది, మళ్లీ వెనక్కి రాదు. కప్పు చల్లబడాలని నేను పూసిందే ఇప్పుడు బట్ట మీదికి దిగుతోంది.

లోకప్పు చెక్క మీద తడి ముందుకు పాకుతోంది. చుక్క రెండు చోట్ల పడసాగింది. అక్క రెండో చేత్తో చెంబు పట్టుకుంది. "మూడోది పడితే ఇంక నాకు సెయ్యి ల్యా," అంది.

నీళ్లు దిగేది మూత ముందున్న అతుకులో. వ్యాను ముక్కు పల్లంలో ఉంది గనక ముందుకు వస్తున్నాయి. ముక్కు పైకి లేస్తే వెనక్కి, నా మంచం మీదికి పోతాయి. చుట్టూ చూస్తే ఎత్తుగా కనబడింది ఒకటే, ఫ్యాక్టరీ గేటు లోపల బళ్లు తూచే కాటా వాలు. వ్యానును నడక కంటే నెమ్మదిగా తిప్పి దాని మీదికి ఎక్కించాను. ఎక్కేటప్పుడు చక్రం ఒక గుంతలో పడి లేచింది.

వాచ్‌మన్ గొడుగుతో వచ్చాడు. "ఏమప్పా, కాటా ఎక్కించినావే, మామిడికాయలేమన్నా తెచ్చినావా?"

"పది నిమిషాలన్నా. లోపల బట్ట తడిసిపోతా ఉండాది."

"తడిసిన బట్ట ఆరేసుకుంటే పోయె. ఎనకాల ఏడు ట్రాక్టర్లుండాయి."

అక్క లోపలి నుంచే, "ఒగసారి వచ్చి సూడు నాయనా. సూసినాంక దించమంటే దించుతాం," అంది.

అతను తల లోపల పెట్టి చూశాడు. చెట్టునూ పిట్టలనూ చూశాడు, తట్టా చెంబూ పట్టుకున్న అక్క చేతులనూ చూశాడు. వెనక్కి పోయి ట్రాక్టర్ల వాళ్లతో, "కాటా మొరాయించిందప్పా, రవ్వంతసేపు ఆగండి," అని అరిచాడు.

చుక్కకూ చుక్కకూ మధ్య పద్నాలుగు సెకండ్లయింది, తర్వాత ఇరవై రెండు, తర్వాత ఆగింది. నా మంచం మీద పరుపు తడిసింది.

వాన వెలిశాక అక్క వంగి బట్టంతా వెదికింది. కింది మూలలో ఒక పిట్ట పసుపు రెక్క మీద, కందిపప్పు బద్దంత మేర ఎర్రబడింది. వ్యాను గుంతలో ఎగిరినప్పుడు తట్ట తప్పిన చుక్క అది.

"ఏడు నెలలు నేను సెయ్యని తప్పు నువ్వు ఒగ సుక్కలో సేసినావు," అంది. కోపంగా అన్నట్టు లేదు. అదే నాకు కష్టమనిపించింది.

మళ్లీ వాన వస్తుందేమోనని, ముక్కు ఎత్తుగా ఉండే చోటు చూసుకుని రాత్రి అక్కడే ఆగాం. తెల్లవారకముందే పైకెక్కి అతుకు మీది సున్నం గీకాను. సీలెంటు నిలువునా చిరిగి ఉంది. వ్యానులోనే పడి ఉన్న అప్పటి శుభలేఖను దూర్చితే దూరింది. దాన్ని మడిచి దూర్చినా దూరింది. మధ్యాహ్నం వేడికి రేకులు సాగి దగ్గరైనప్పుడు నేను కొలిచాను, అప్పుడే పూశాను. చల్లబడిన ప్రతిసారీ అవి విడిపోయి ఆ పూతను లాగుతూ వచ్చాయి. పైన సున్నం ఉండటంతో చిరుగు కనబడలేదు. రేకు చల్లగా ఉండగానే తుడిచి, ఆరనిచ్చి, వాచ్‌మన్ ఫ్యాక్టరీలోంచి తెచ్చిచ్చిన సాగే రబ్బరు టేపును సందుకు అటూ ఇటూ రెండేసి అంగుళాలు వచ్చేలా అతికించి దిగాను. ఇప్పుడు నెలకొకసారి తెల్లవారుజామునే చూస్తాను. కప్పుకు వేసేది నీళ్లకు కరగని తెల్ల రంగు, అతుకులను మాత్రం కంటికి కనబడేలా వదిలేస్తాను.

ఆ పొద్దున పదింటికి బెంగళూరులో బట్టను వేలాడదీశాం. చూడడానికి వచ్చినవాళ్లు దూరంగా నిలబడి చెట్టును చూశారు, కొందరు దగ్గరికొచ్చి పిట్టలను లెక్కపెట్టారు. అరవై మూడే వచ్చాయని ఒకాయన అన్నాడు. అక్క కింది మూలకు అడ్డంగా నిలబడి ఉంది. నేను కుర్చీ తెచ్చి వేశాను, కూర్చోలేదు. టీ తెచ్చి ఇచ్చాను, అక్కడి నుంచి జరగకుండానే తాగింది. హాలు మూసేదాకా అలాగే నిలబడింది.